రెండు కేబుళ్ళకీ ఎర్ర దారమే

రిటైరైతే కోపం తగ్గుతుందని ఎవరు చెప్పారో గాని, వాళ్ళు ఎక్కడా ఉద్యోగం చేసి ఉండరు. నాకు తగ్గలేదు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, టీ తాగుతూ, ఆ ఫ్యాక్టరీ మేనేజరుని మనసులో ఒక విడత తిట్టుకుంటే గాని నాకు రోజు మొదలవదు. ఈ సంగతి రాస్తానంటే మా ఆవిడ ఒక షరతు పెట్టింది.

"ఎవల పేరూ రాయకు. ఊరు సిన్నది. రేపు సాక్చి బజార్లో ఎదురుపడితే మొహమెలగ సూపిత్తావు?" అంది.

మొహం చూపించడానికి సిగ్గుపడాల్సింది నేను కాదన్నాను. అయినా మాటిచ్చాను. కాబట్టి ఇందులో ఎవరికీ పేర్లుండవు.

టెస్ట్ బెంచీల దగ్గర కొత్తగా పనిలో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు పనికొచ్చే ముక్క ఇందులో ఒకటుంది. మిగిలిందంతా నా కోపం. రెండూ కలిపి మింగండి, తప్పదు.

నేను క్యాలిబ్రేషన్ మనిషిని. అంటే, కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసేవాణ్ణి. మా నాన్న టాటానగర్లో రైల్వే ఫిట్టరు. నేను డిప్లొమా చదివి, జంషెడ్‌పూర్ చుట్టుపక్కల చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు మారుతూ మారుతూ చివరికి క్రేన్లకి లిమిట్ స్విచ్చిలు తయారుచేసే చోట తేలాను. లిమిట్ స్విచ్చి అంటే, క్రేను కొక్కెం పైకి లేస్తూ ఒక ఎత్తుకి రాగానే మోటారుకి కరెంటు కోసేసే స్విచ్చి. అరచేతిలో పట్టే ఇనప డబ్బా, దానికో లీవరు. లీవరు పడగానే లోపల కాంటాక్టు తెగాలి. తెగలేదా, కొక్కెం ఆగదు. పైకి పోయి తాడు చుట్టుకునే డ్రమ్ముని గుద్దుకుంటుంది, తాడు తెగుతుంది, కింద ఎవడుంటే వాడి నెత్తిన బరువు పడుతుంది. ఇంతే విషయం. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. కాంటాక్టు తెగిందా లేదా అన్నది మీటరుతో కొలిచి చెప్పాలి. దానికే మా దగ్గర రెండు టెస్ట్ బెంచీలు ఉండేవి.

నేను చేరేటప్పటికి పద్ధతి చాలా సాదాగా ఉండేది. బెంచీకో మీటరు. ఆపరేటర్లు స్విచ్చిని బిగించి, లీవరు నొక్కి, మీటరు మొహం చూసి, బాగుంటే పచ్చ స్టిక్కరు, లేకపోతే ఎర్ర స్టిక్కరు అతికించేవారు. స్టిక్కరు మీద బెంచీ నంబరు ఉండేది. తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన ఎక్కడో పెద్ద కంపెనీలో అన్నీ కంప్యూటరు మీద నడవడం చూసొచ్చాడట. మన దగ్గరా అలాగే నడవాలన్నాడు. ఆ మాట వరకూ నేను ఆయన్ని తప్పుపట్టను. మీటర్ల వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఎలాగూ ఉంది, దానికి ఇన్నేళ్ళూ దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు. రెండు మీటర్లనీ రెండు కేబుళ్ళతో ఒక కంప్యూటరుకి కలిపాం. మీటరూ కంప్యూటరూ ఒకే వేగంతో మాట్లాడుకునేలా సర్దడానికి కొంత తంటాలుపడ్డాం. చివరికి మీటర్ల మీద 'రిమోట్' అన్న చిన్న గుర్తు వెలిగింది. అది వెలిగితే ముందున్న బొత్తాలు పనిచెయ్యవు, పెత్తనం కంప్యూటరుది. గాలి సిలిండరు రెండు బెంచీల మీదా ఒకేసారి లీవర్లు నొక్కుతుంది, కంప్యూటరు రెండు మీటర్లనీ అడుగుతుంది, తెర మీద రెండు గళ్ళలో పచ్చో ఎరుపో వస్తుంది. నిజం చెప్పాలంటే మొదటిసారి ఆ పచ్చ గడి చూసి నేను కూడా మురిసిపోయాను.

ప్రోగ్రాం రాసినవాడు కుర్ర ఇంజనీరు, బయటి మనిషి, బుద్ధిమంతుడు. అతను అందులో ఒక మంచి పని చేశాడు. పొద్దున ప్రోగ్రాం తెరవగానే అది ముందు రెండు మీటర్లనీ "నువ్వెవరు?" అని అడుగుతుంది. మీటరు తన మోడలూ సీరియల్ నంబరూ చెబుతుంది. ఒకటో బెంచీలో ఉండాల్సిన మీటరు కాక వేరేది పలికితే ప్రోగ్రాం ముందుకి కదలదు. పిల్లల్లారా, ఇందాక మీకు పనికొచ్చే ముక్క ఉందన్నానే, అది ఇదే. పనికి ముందు అవతల ఉన్నదెవరో అడగండి.

ఒకసారి నేను ఒక మీటరుని క్యాలిబ్రేషన్‌కి తీసి, దాని బదులు స్పేర్ మీటరు పెట్టాను. ప్రోగ్రాం మొండికేసింది. కొత్త నంబరు దానికి చెప్పేదాకా బెంచీ ఆగింది. అంతే, మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ ప్రశ్న తీసేయించండి. ప్రొడక్షన్ ఆపే సాఫ్ట్‌వేర్ నాకెందుకు?" అన్నాడు. మా మాటలన్నీ హిందీలోనే జరిగేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సార్, అది ఆగడం మంచిదే. తప్పు మీటరు పెడితే ఆగాలి" అన్నాను.

"మీటరు మీటరే కదా. అన్నీ ఒకటే మోడలు."

"ఒకటే మోడలైతే ఒకటే మీటరు అయిపోదు సార్. మీరూ, మీకు ముందున్న ఆయనా ఇద్దరూ మేనేజర్లే. ఇద్దరూ ఒకటేనా?"

నా నోరు అలాంటిది. దాని వల్ల నాకు ఏ రోజూ మేలు జరగలేదు. ఆయన కుర్ర ఇంజనీరుకి ఫోన్ చేసి ఆ ప్రశ్న తీసేయించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మీటర్ల తెరలు కూడా ఆర్పేయించాడు. తెర ఆపితే కొలత కాస్త వేగంగా వస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఆయన చెప్పిన కారణం అది కాదు. "ఆపరేటర్లు మీటరు చూసి సొంత బుర్ర వాడుతున్నారు. ఇకనుంచి కంప్యూటరు చెప్పిందే ఫైనల్" అన్నాడు. సొంత బుర్ర వాడటం నేరమైన ఫ్యాక్టరీ అది. నేను గొడవపడ్డాను, అరిచాను. కేబుళ్ళైనా తారుమారు కాకూడదని ఒకటో బెంచీ కేబులుకి ఎర్ర టేపు, రెండోదానికి పచ్చ టేపు, రెండు చివర్లా చుట్టాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఇప్పుడు బెంచీల దగ్గర మనుషుల గురించి చెప్పాలి. ఒకటో బెంచీలో ఒడియా పెద్దాయన ఉండేవాడు. పర్మనెంటు, యూనియన్ మనిషి, ఎవరూ కదపలేరు. రెండో బెంచీలో మన తెలుగమ్మాయి. కాంట్రాక్టు మీద వచ్చింది. వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఫౌండ్రీలో పనిచేసి చనిపోయాడు, నాకు పాత స్నేహితుడు. నది అవతల మాంగో అనే పేటలో తల్లితో ఉండేది, ఆదివారం చర్చిలో పాటలు పాడేది. నన్ను బాబాయ్ అనేది. పర్మనెంటు చేయబోయేవాళ్ళలో ఆమె కూడా ఉందని అందరికీ తెలుసు.

కొత్త సరుకు అంతా ఒకటో బెంచీకి వెళ్ళేది. రిపేరుకొచ్చి తిరిగి తయారైనవన్నీ రెండో బెంచీకి. రిపేరు సరుకు తలనొప్పి సరుకు, తలనొప్పి కాంట్రాక్టు వాళ్ళకే. ఆ రివాజు ఎవరు పెట్టారో తెలీదు, ఎవరూ తీసెయ్యనూ లేదు. ఆ అమ్మాయికి ఒక అలవాటుండేది. స్విచ్చిని బెంచీకి బిగించే ముందు చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో లీవరు నొక్కేది. లోపల 'టక్' మనాలి. ఆ చప్పుడు విన్నాకే బిగించేది. మేనేజరు ఒకటి రెండుసార్లు చూసి, "మ్యూజిక్ వింటున్నావా?" అని వెటకారం చేశాడు. ఆమె ఊరుకోలేదు. "ఆ సార్, బాగుంది. మీరూ వినండి" అని అతని చెవి దగ్గర పెట్టబోయింది.

అలా ఉండగా విశ్వకర్మ పూజ వచ్చింది.

బయటివాళ్ళకి ఇది అర్థం కాదు. మా ఊళ్ళో దసరా దీపావళి ఒక ఎత్తు, విశ్వకర్మ పూజ ఒక ఎత్తు. ఆ రోజు యంత్రం ఆగుతుంది, మనిషి దానికి దండం పెడతాడు. ముందు రోజు ప్రతి బెంచీ, ప్రతి స్పానరు కడిగి తుడుస్తారు. హిందువు, క్రైస్తవుడు, ముస్లిం అని లేదు, పనిముట్టు పట్టుకున్నవాడిదల్లా ఆ పండగ. పూజ నాడు ఇంటిల్లిపాదీ ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తారు. నాన్న పనిచేసే చోటు ఇదీ అని పిల్లలకి చూపిస్తారు. ఆ అమ్మాయి కూడా కొత్త చీర కట్టుకుని వాళ్ళమ్మని తీసుకొచ్చింది. "ఇదేనే అమ్మా నా బెంచీ" అని చూపిస్తుంటే వాళ్ళమ్మ కొంగుతో దాన్ని తుడిచింది, అప్పటికే తళతళలాడుతున్నా.

ఆ ఏడు యజమాని కుటుంబం కూడా వస్తోందని మేనేజరు హడావుడి చేశాడు. బెంచీల ముందు నిలబడి ఫొటో దిగుతారట. వేలాడే వైర్లు అసహ్యంగా ఉంటాయట. సూపర్‌వైజరు కేబుళ్ళన్నీ పీకించాడు. కిరోసిన్ గుడ్డతో తుడిపించాడు. నా టేపులు జిడ్డుగా ఉన్నాయని అవీ ఒలిపించాడు. పూజ రోజున పంతులు గారు మీటర్లకి కుంకుమ పెట్టి, పళ్ళెంలో ఉన్న కేబుళ్ళతో సహా అన్నిటికీ ఎర్ర దారం కట్టారు. ఫొటోలు చాలా బాగా వచ్చాయి. ఇప్పటికీ ఆ ఆఫీసు గోడకి ఒకటి వేలాడుతోంది.

మర్నాడు సూపర్‌వైజరు కేబుళ్ళు తగిలించాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఎర్రది ఒకటో బెంచీదని ఆయనకి గుర్తుంది. చేతికి మొదట తగిలిన కేబులుకి ఎర్ర దారం ఉంది. ఒకటో బెంచీకి పెట్టేశాడు. రెండోదానికీ ఎర్ర దారమే ఉందని చూడలేదో, చూసినా పట్టించుకోలేదో. ప్రోగ్రాం తెరిచాడు. అది ఇప్పుడు ఎవర్నీ "నువ్వెవరు" అని అడగదు కదా, చక్కగా తెరుచుకుంది. నేను ఆ రోజు లేను. మా ఇంకో యూనిట్లో ఫర్నేసు వేడి కొలిచే థర్మోకపుల్స్ చూడ్డానికి పంపించారు, అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయాను.

అక్కణ్ణుంచి ఒకటో బెంచీ మీద ఉన్న స్విచ్చి కొలత రెండో గడిలో పడింది, రెండో బెంచీది ఒకటో గడిలో పడింది. రెండు స్విచ్చిలూ బాగుంటే ఎవరికీ తేడా తెలీదు. రెండో బెంచీలో చెడ్డది, ఒకటో బెంచీలో మంచిది ఉంటే మాత్రం మంచిదానికి ఎరుపు, చెడ్డదానికి పచ్చ. ఒడియా పెద్దాయన కొత్త సరుకు ఇలా ఫెయిలవుతోందేమిటని గొణిగాడు. లాట్ బాగోలేదు అన్నారు. ఈ అమ్మాయి మాత్రం గొణగలేదు, నేరుగా సూపర్‌వైజరు దగ్గరికే వెళ్ళింది. చేతిలో స్విచ్చి పట్టుకుని, "ఇది టక్ మనట్లేదు. కంప్యూటరు పచ్చ ఇస్తోంది. మీటరు తెర వెలిగించండి, ఒకసారి కళ్ళతో చూస్తాను" అంది. సూపర్‌వైజరు మేనేజరుని అడిగాడు. మేనేజరు చెప్పిన జవాబు ఆ తర్వాత ఊరంతా తెలిసింది. "కంప్యూటర్ ఓకే బోలా తో ఓకే. నువ్వు స్టిక్కరు అతికించు."

ఆమె అతికించింది. అతికించకపోతే పని మానేసినట్టు లెక్క.

కొన్నాళ్ళకి ఒక కొనుగోలుదారు షెడ్డులో క్రేను కొక్కెం ఆగలేదు. తాడు తెగింది. కింద పడ్డ బరువుకి నేల పగిలింది. కింద పనిచేసే మనిషి ఆ నిమిషంలో నీళ్ళు తాగడానికి పక్కకెళ్ళాడట. అతనికి అలా దాహం వేసింది కాబట్టి నేను ఇది కోపంగా రాయగలుగుతున్నాను. లేకపోతే అసలు రాయలేకపోయేవాణ్ణి. స్విచ్చి విప్పి చూశారు. కాంటాక్టు అతుక్కుపోయి ఉంది. డబ్బా మీద పచ్చ స్టిక్కరు, స్టిక్కరు మీద బెంచీ నంబరు రెండు.

అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటారు. ఇక్కడ అదీ కాదు, దుత్తని పగలగొట్టి అత్త పనితనం బ్రహ్మాండం అన్నారు. మర్నాడు పొద్దున షిఫ్టుకి వచ్చినప్పుడు గేటు దగ్గరే సెక్యూరిటీ వాడు ఆ అమ్మాయి మెళ్ళో బ్యాడ్జి తీసేసుకున్నాడు. ఏం జరిగిందని ఆమెని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఈ పారిశ్రామిక వాడలో అలా గేటు దగ్గర బ్యాడ్జి పోయినవాళ్ళని ఇంకే కాంట్రాక్టరూ పెట్టుకోడు. మాట గాలి కంటే ముందు పాకుతుంది. పోయింది ఆ ఒక్క ఉద్యోగం కాదు, ఊళ్ళో ఉన్న ఉద్యోగాలన్నీ.

నేను తిరిగొచ్చేసరికి రెండో బెంచీలో ఎవరో కొత్తవాళ్ళున్నారు. ఒడియా పెద్దాయన సంగతంతా చెప్పాడు. "దాదా, ఆ పిల్ల తప్పు చేసే రకం కాదు. కానీ స్టిక్కరు దానిదే కదా" అన్నాడు. ఆ "కానీ" విని నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం వంతెన దాటి మాంగో వెళ్ళాను.

ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఒక్కో రాయీ తీసి వీధిలోకి విసిరేస్తోంది.

"ఏటి బాబాయ్, ఇప్పుడొచ్చినావు? పరామర్శకేటి?"

"కాదే. ఏటైందో సెప్పు."

"ఏటవుద్ది? నాను సెప్పినాను, టక్ మనట్లేదనీసి. ఇన్నారేటి? బొమ్మలాగ అతికించమన్నారు, అతికించినాను. ఇప్పుడు బొమ్మదే తప్పంట."

లోపల్నుంచి వాళ్ళమ్మ, "మెల్లగా మాట్లాడే, ఈదిలో ఇంటారు" అంది.

"ఇననీ అమ్మా! ఇన్నాళ్ళూ మెల్లగా మాట్లాడే ఇలగైంది." అని నా వైపు తిరిగి, "బాబాయ్, నా సెవి అబద్దం సెప్పదు. నువ్వెల్లి ఆ మీటరునడుగు. మనిసినెలాగూ అడగరు, దాన్నైనా అడగండి" అంది.

నేను టీ కూడా తాగలేదు. తాగే మనసు లేదు.

మర్నాడు నా స్టాండర్డ్ రెసిస్టెన్సు పెట్టె పట్టుకుని బెంచీల దగ్గరికెళ్ళాను. కొలత ముందే తెలిసిన నిరోధం అది, మీటరు దాన్ని సరిగ్గా చదివితే మీటరు మంచిది. రెండో బెంచీ మీటరుకి తగిలించాను. తెర మీద రెండో గడి కదల్లేదు. ఒకటో గడిలో నా అంకె వచ్చి కూర్చుంది. తీశాను, పోయింది. పెట్టాను, వచ్చింది. వంగి మీటర్ల వెనక చూశాను. రెండు కేబుళ్ళకీ కుంకుమ అంటిన ఎర్ర దారం. నా టేపులు లేవు.

సూపర్‌వైజరు నా వెనకే వచ్చాడు. చూడగానే ఆయనకి అర్థమైంది. కేబుల్ మీద చెయ్యి వేసి, "భయ్యా, మార్చేద్దాం. అటుది ఇటు, అంతే. ఎవరికీ చెప్పొద్దు. సరుకు మళ్ళీ చూసుకుందాం" అన్నాడు.

ఇక్కడే నేను ఒక నిమిషం ఆలోచించాల్సొచ్చింది. మార్చేస్తే ఆ క్షణం నుంచి బెంచీలు నిజం చెబుతాయి. కానీ ఆ అమ్మాయి తప్పు చేసినట్టే మిగిలిపోతుంది. కేబులు మారాక, అంతకుముందు తారుమారై ఉండేదని ఎవడు నమ్ముతాడు? మేనేజరైతే కలలో కూడా ఒప్పుకోడు. అలాగని బెంచీలు ఇలాగే నడవనిస్తే ఇంకో చెడ్డ స్విచ్చి ఇంకో క్రేను ఎక్కుతుంది.

నేను రెండు బెంచీల మెయిన్ స్విచ్చీ దించేశాను. గాలి ఆగింది, అంతా ఆగింది. ఒక స్టూలు తెచ్చుకుని మీటర్ల ముందు కూర్చున్నాను.

"కేబుల్ మీద చెయ్యి వేస్తే చెయ్యి విరుగుతుంది. మేనేజరుని రమ్మను. ప్రోగ్రాం రాసిన కుర్రాణ్ణి కూడా రమ్మను. వాళ్ళొచ్చి చూసేదాకా ఇక్కడ ఒక్క స్విచ్చి కదలదు" అన్నాను.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. ప్రొడక్షన్ ఆపే అధికారం నాకెవరిచ్చారన్నాడు. రిటైర్మెంటు దగ్గర్లో పెట్టుకుని ఈ వేషాలేమిటన్నాడు. నేనూ ఊరుకోలేదు. ఫొటో కోసం వైర్లు పీకించే అధికారం మీకెవరిచ్చారన్నాను. ఒడియా పెద్దాయన లేచి వచ్చి, నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దాంతో మేనేజరు గొంతు కాస్త దిగింది. యూనియన్ మనిషి కదా.

మధ్యాహ్నానికి కుర్ర ఇంజనీరు వచ్చాడు. రాగానే జరిగింది చెప్పాను. అతను కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క మాటే అడిగాడు. "అంకుల్, మీటర్లకి కూత పెట్టమని చెప్పే ఆజ్ఞ ఒకటుంది. పంపనా?"

నేను మెయిన్ వేశాను. మీటర్లు వెలిగి రిమోట్‌లోకి వెళ్ళాయి. మేనేజరు, సూపర్‌వైజరు, నలుగురు ఆపరేటర్లు అందరూ రెండో బెంచీ చుట్టూ నిలబడి దాని మీటరు వైపు చూస్తున్నారు. కుర్రాడు రెండో బెంచీకి ఆజ్ఞ పంపాడు.

కూత వాళ్ళ వెనక నుంచి వచ్చింది.

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఒకటో బెంచీ మీటరు. కుర్రాడు మళ్ళీ పంపాడు. మళ్ళీ అదే కూసింది. రెండో బెంచీ మీటరు నోరు మూసుకుని కుంకుమ బొట్టుతో కూర్చుంది. తర్వాత అతను ఒకటో బెంచీకి పంపాడు. అప్పుడు ఇది కూసింది.

"ఎరుపుది ఒకటో నంబరు అని గుర్తు సార్... రెండిటికీ ఎరుపే ఉంది" అన్నాడు సూపర్‌వైజరు, ఎవరూ అడక్కుండానే.

కుర్ర ఇంజనీరు నెమ్మదిగా, "ఆ ప్రశ్న ఉండి ఉంటే ప్రోగ్రాం ఆ రోజే తెరుచుకునేది కాదు సార్" అన్నాడు. మేనేజరు వైపు చూడకుండా తెర వైపు చూస్తూ అన్నాడు. తీసేసింది తన చేతులే కదా, అతనికీ సిగ్గుగానే ఉంది. తిలాపాపం తలా పిడికెడు. కాని ఆ పిడికెళ్ళన్నీ పట్టుకెళ్ళి ఒక్క ఆడపిల్ల ఒళ్ళో పోశారు, అదీ నా కోపం.

అప్పుడు మేనేజరు అన్న మాట వినండి. "సరే. టెక్నికల్ ఇష్యూ. దొరికింది కదా, గుడ్. ఆమెని సోమవారం రమ్మనండి."

టెక్నికల్ ఇష్యూ! మీటరు అడిగిందా నా తెర ఆర్పమని? కేబులు అడిగిందా నన్ను ఫొటోలోంచి తప్పించమని? స్విచ్చి టక్ మనడం లేదని మనిషి వచ్చి చెబితే స్టిక్కరు అతికించమన్నది ఏ టెక్నాలజీ? ఇవన్నీ నేను అక్కడే అన్నాను, ఇంకా ఘాటుగా. అచ్చులో అవి బాగుండవు. పూజ తర్వాత బయటికి వెళ్ళిన సరుకంతా వెనక్కి రప్పించి మళ్ళీ చూశాం. ఆ అమ్మాయి చెవికి టక్ మనని రకం ఇంకా కొన్ని దొరికాయి.

సోమవారం పొద్దున ఆమె వచ్చింది. షిఫ్టు జనం అంతా గేట్లోకి పోతున్నారు. ఆమె మెళ్ళో బ్యాడ్జి లేదు కాబట్టి సెక్యూరిటీ వాడు ఆపాడు. నేనూ సూపర్‌వైజరూ అక్కడే ఉన్నాం. మేనేజరు తనే వచ్చాడు. పాపం, మంచిగా ఉండాలనే వచ్చినట్టున్నాడు. నవ్వుతూ, "అరే, రెండో బెంచీ మేడమ్! రండి రండి, వెల్‌కమ్ బ్యాక్" అన్నాడు. వాచ్‌మన్‌తో లోపలికి పంపమన్నాడు.

ఆమె కదల్లేదు.

"మేరా నామ్ క్యా హై, సర్?" అంది.

అన్నేళ్ళుగా ఆయన కిందే పనిచేసింది. ఆయన ఆమె గుండెల మీదికి చూశాడు, బ్యాడ్జి మీద పేరు చదవడానికి. అక్కడ బ్యాడ్జి లేదు. దాన్ని తీయించింది ఆయనే. సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు నేల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నాకు తెలుసు, పుట్టినప్పటినుంచి తెలుసు. నేను చెప్పలేదు. మనుషులు లోపలికి వెళ్ళడం మానేసి నిలబడ్డారు.

"పర్వాలేదు సర్. తెలుసుకుని రండి. నేను ఇక్కడే కూర్చుంటాను" అని, వాచ్‌మన్ బల్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన నవ్వబోయాడు, ఎవరూ కలవలేదు. ఒడియా పెద్దాయన చేతులు కట్టుకుని గేటు మధ్యలో నిలబడ్డాడు. చివరికి మేనేజరే పేరు కనుక్కోవడానికి ఆఫీసు దాకా నడిచి వెళ్ళాడు. ఆ నడక నేను బతికున్నంత కాలం మర్చిపోను. తిరిగొచ్చి, అంతమంది ముందు, ఇంటి పేరుతో సహా ఆమె పేరు పలికాడు. తెలుగు ఇంటి పేరు ఆయన నోట్లో తిరగలేదు. ఆమె సరిదిద్దింది. ఆయన మళ్ళీ పలికాడు. అప్పుడు లేచింది.

లోపలికెళ్ళి కూర్చున్నాక ఆమె మొదట అడిగింది మీటరు తెర వెలిగించమని. కుర్ర ఇంజనీరు తెర వెలిగించి వెళ్ళాడు, ఆ ప్రశ్న కూడా తిరిగి పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు ఆ ప్రోగ్రాం పొద్దున్నే మీటర్లని పేరడిగాకే పని మొదలుపెడుతుంది. ఇంత జరిగాక కూడా ఆ విడతలో ఆమెని పర్మనెంటు చెయ్యలేదు. తర్వాతి విడతలో చేశారు. మేనేజరుకి మాత్రం ఏమీ కాలేదు. ఇంకా పెద్ద కుర్చీకి వెళ్ళాడు, ఎక్కడికో చెప్పను. నా కోపం తగ్గలేదంటే తగ్గదు మరి.

మొన్న సాక్చిలో కనిపించింది. ఇలా రాస్తున్నానని చెప్పి, "ఎవల పేర్లూ రాయనని మీ పిన్నికి మాటిచ్చినానే. కానీ నువ్వొప్పుకుంటే నీ పేరొక్కటీ రాత్తాను" అన్నాను.

చేతిలో సంచీ ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నా పేరొద్దు బాబాయ్. నా పేరు ఆ గేటుకాడ అందరూ ఇన్నారు, అది సాలు. రాత్తే ఆయన పేరు రాయి."

ఏం చెయ్యను, మాటిచ్చేశాను. బతికిపోయాడు.